ఆషాఢమాసపు తగ్గింపు అమ్మకములు

జ్యేష్ఠమాసము వెళ్లి ఆషాఢము ప్రవేశించిన మొదలు మన పట్టణపు పెద్దవీథిని నడచువారికి ఒకే మాట కంటబడుచుండును. వస్త్రశాలల ముంగిట ఎఱ్ఱని గుడ్డలమీద తెల్లని పెద్ద అక్షరములతో "ఆషాఢం తగ్గింపు" అని వ్రాసి కట్టుదురు. ఆటోలకు మైకులు బిగించి కేకలు వేయింతురు. వార్తాపత్రికల మొదటిపుట నిండ చీరలే యుండును. మన విద్యార్థులు చిన్నతరగతులలోనే శాతములు నేర్చుకొనుచున్నారు గాని, లెక్కల పుస్తకములోని శాతమునకును పెద్దవీథిలోని శాతమునకును బాంధవ్యము కలదని వారిలో ననేకులు తలపరు. ఆ బాంధవ్యమును చూపుటయే యీ వ్యాసమున మా ప్రయత్నము.

మొదట, ఈ తగ్గింపు ఆషాఢముననే యేల వచ్చుననునది విచారింతము. ఆషాఢము శూన్యమాసమని మన దేశమున హిందువులు పెండ్లిండ్లు చేయరు, గృహప్రవేశములు పెట్టుకొనరు. క్రొత్త పెండ్లికూతురు పుట్టింటికి పోవును. పెండ్లిండ్లు లేనప్పుడు పట్టుచీరలు కొనువారుండరు. వేసవి ముహూర్తములకై తెప్పించిన సరుకులో మిగిలినది అరలలో నిలిచిపోవును. వెంటనే శ్రావణమాసము, వరలక్ష్మీవ్రతము, మరల పెండ్లిండ్లు. అప్పటికి క్రొత్త సరుకు రావలెను. దానికి స్థలము కావలెను, రొక్కము కావలెను. కావున వర్తకుడు పాతసరుకును ఏదో ఒక వెలకు వదలించుకొనజూచును. ఇది న్యాయమైన వ్యాపారమే. కొనువానికిని అమ్మువానికిని లాభము కలిగించు ఏర్పాటే. దీనిని మేము నిందించుట లేదు. కాని ఒక యంగడిలో నిజముగా జరుగు పనిని చూచి ప్రక్క యంగడివాడు పేరుమాత్రము తగిలించుకొనుటయు కలదు. ఈ రెంటిని వేఱుచేసి చూచుట యెట్లు?

మా స్వానుభవము నొకదానిని ముందుగా చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట ఆషాఢమున మా తల్లిగారికి ఒక నేతచీర కొనవలెనని మేమును మా యిల్లాలును బెజవాడకు వెళ్లితిమి. జేబులో నున్నది ఎనిమిదివేల రూపాయలు. అందులో ఆరువేలు మా కుమార్తె కళాశాలకు కట్టవలసిన సొమ్ము; ఆ సాయంకాలమే కట్టుదమనుకొని వెంట తీసికొని పోయితిమి. అదియే మేము చేసిన మొదటి తప్పు. అంగడి ముందర "70 శాతమువరకు" అని వ్రాసియుండెను. 70 అను అంకె మనిషియెత్తున నున్నది. "వరకు" అను మాట మా చిటికెనవ్రేలంత యున్నది. లోపల మూడంతస్తులు తిరిగి, ఒక చీరకు బదులు నాలుగు చీరలును రెండు చొక్కాలును పట్టుకొని క్రిందికి దిగితిమి. బిల్లు 7,400 రూపాయలు. బిల్లు అడుగున "మీరు ఆదా చేసినది 6,150" అని అచ్చువేసిరి. రైలులో వచ్చుచు మా యిల్లాలు ఆ వరుసను రెండుమార్లు చదివి, "ఈ ఆదా ఎక్కడ ఉందండీ? సంచీలో కనపడదే!" అని యడిగినది. మాయొద్ద జవాబు లేకపోయెను. కళాశాల సొమ్ము గడువునకు కట్టుటకు తోటి యుపాధ్యాయునొద్ద చేబదులు పుచ్చుకొంటిమి. దానిని తీర్చుటకు రెండునెలలు పట్టినది. ఆ రెండునెలలును ఉపాధ్యాయుల గదిలో ఆయన యెదుట కూర్చుండుటకు మాకు మొగము చెల్లలేదు.

కథ అంతటితో ముగియలేదు. తల్లిగారికని కొన్న చీరను చేనేత మంగళగిరిచీర యని చెప్పి 1,300కు ఇచ్చిరి. మా పాఠశాలలో చదువుకొను నేతవారి పిల్లలు కొందఱు గలరు. వారిలో నొకని తండ్రి ఒకదినము మా యింటికి వచ్చినపుడు ఆ చీర దండెముమీద ఆరుచుండెను. ఆయన దానిని చేతబట్టి, తిరుగవేసి, అంచు గోటితో గీచి చూచి, "మాస్టారూ, ఇది మగ్గం మీద నేసింది కాదండి. మరమగ్గానిది. ఎంతకి తీసుకున్నారు?" అని యడిగెను. చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ఇదే మా చీరంటూ ఈ వెలకి అమ్ముతుంటే, మా చీర దగ్గరికి వచ్చినవాళ్లు ఇంతెందుకంటారండి. నూలు వెల, రంగు వెల పోగా మనిషి కూలి ఏది?" అనెను. మేము 150 రూపాయలు మోసపోయితిమో 500 మోసపోయితిమో యనునది అప్పుడు చిన్నదిగా కనబడినది. గుంటమగ్గము ముందు దినమంతయు కాళ్లాడించు మనుష్యుని అన్నము ఆ దొంగచౌకలో చేరియున్నదని మాకు అంతవఱకు తోచలేదు.

ఇక లెక్కలోనికి వత్తము.

చీటీమీద 1,500 అని వ్రాసి కొట్టివేసి "50 + 20 శాతము తగ్గింపు" అందురు. మన బాలురు వెంటనే కూడి 70 శాతమందురు. అది తప్పు. మొదటి తగ్గింపుతో 1,500 కాస్త 750 అగును. రెండవ 20 శాతము ఆ 750మీద గాని 1,500మీద కాదు. అనగా 150 పోయి 600 మిగులును. మొత్తము తగ్గినది 60 శాతము. 70 శాతమే తగ్గినచో 450కి రావలెను. శాతమును చూచినప్పుడెల్ల "దేనిమీద శాతము?" అని యడుగవలెనని మేము తరగతిలో విసుగు పుట్టునంతగా చెప్పుచుందుము. అంగడిలో ఆ ప్రశ్న విలువ నూటయేబది రూపాయలు.

"రెండు కొన్న ఒకటి ఉచితము" అనునది ఇంకొకటి. మూడును సమానమైన వెలవైనచో మూడింట నొకవంతు, అనగా 33⅓ శాతము తగ్గినట్లు. కాని సాధారణముగా "తక్కువ వెలది ఉచితము" అను షరతుండును. 600, 500, 300 రూపాయల చొక్కాలు మూడు తీసికొన్నచో 1,400కు బదులు 1,100 ఇత్తుము. తగ్గినది 21 శాతముకంటె కొంచె మెక్కువ. ఒక్క చొక్కా మాత్రమే కావలసినవానికి ఇందు తగ్గింపే లేదు, ఖర్చు హెచ్చినది.

కూపనుల లెక్క యింకను చిత్రము. "2,000 రూపాయలకు కొన్నచో 500 రూపాయల కూపను" అని వినగానే నాలుగవవంతు తిరిగివచ్చినదని సంతోషింతుము. కాని ఆ కూపను మరల 2,000 రూపాయలకు కొన్నప్పుడే చెల్లును. అనగా మొదట 2,000, పిమ్మట 1,500. మొత్తము 3,500 ఇచ్చి 4,000 సరుకు పొందితిమి. తగ్గినది 12½ శాతము. రెండవమారు వెళ్లకపోయినచో సున్న.

పై మూడింటను మోసము లేదు. మన తొందరపాటే కలదు. అసలు మోసము కొట్టివేసిన ధరలో నుండును. జ్యేష్ఠమున 800కు అమ్మిన చీరకు ఆషాఢమున 1,500 చీటీ కట్టి 40 శాతము తగ్గించి 900కు ఇచ్చినచో, అది తగ్గింపా, హెచ్చింపా? ప్యాకెట్లలో కట్టిన సరుకులమీద ముద్రించు గరిష్ఠ చిల్లరధరకు చట్టము కాపలా యున్నది. 2011 నాటి ప్యాకేజి సరుకుల నిబంధనలనుబట్టి ఆ ధరమీద వేఱొక చీటీ అతికించి వెల పెంచరాదు; తగ్గించుటకు మాత్రము అతికింపవచ్చును, అదియు పాతధర కనబడునట్లు. కాని విడిగా మడతపెట్టి అమ్ము చీరకు కట్టిన చీటీ చాలచోట్ల అంగడివాడు తన చేత వ్రాసికొన్నదే. ఆ కొట్టివేసిన అంకెకు సాక్షి యెవరు?

సాక్షిని మనమే సిద్ధపరచుకొనవలెను. మా తరగతి పిల్లలచేత మేము ఒక పని చేయించితిమి. వేసవి సెలవులలో ప్రతివారును తమ యింటికి అవసరమైన అయిదు వస్తువుల వెలలను అంగడిలో చూచి, తేదీతో పుస్తకమున వ్రాసికొనవలెను. ఆషాఢమున మరల వెళ్లి అవే వస్తువుల వెలలు వ్రాయవలెను. ఒక బాలిక మే నెలలో బడిసంచీ 650 అని వ్రాసికొన్నది. ఆషాఢమున అదే సంచీకి 1,100 కొట్టివేసి 40 శాతము తగ్గింపని కట్టిరట. ఆ పిల్ల అక్కడనే నిలువబడి లెక్క వేసినది: 660. పది రూపాయలు హెచ్చు! ఇంకొక బాలుడు 900 ఉన్న దుప్పట్ల జత 560కి దిగినట్లు వ్రాసినాడు. ఏల తగ్గినదని అడిగిరమ్మని వానిని పంపితిమి. ఆ రంగులో రెండే జతలు మిగిలినవనియు, క్రొత్త నమూనా వచ్చుచున్నదనియు అంగడివారు చెప్పిరట. అది నిజమైన చౌక. వాని తల్లి ఒక జత కొన్నది.

ఈ బాలుని యుదాహరణము మాకు మిక్కిలి నచ్చినది. నిజముగా వెల తగ్గినదానికి నిజమైన కారణ ముండును. కడపటి రంగులు, మిగిలిపోయిన కొలతలు, నిరుటి నమూనాలు, మడతచోట వెలిసిన గీత, ఎక్కడనో చిన్న దారపుపోగు. అడిగినచో మంచి వర్తకుడు దాచక చెప్పును; చీరను విప్పి వెలుతురులో చూపును. కారణము చెప్పలేని తగ్గింపును మేము నమ్మము. పిల్లలకు, పొట్టివారికి, పొడవువారికి మిగిలిన కొలతలలో మంచి బేరములు దొరకును. క్రైస్తవ కుటుంబములవా రొక సంగతి గమనింపవచ్చును. మనము క్రిస్మసు బట్టలను డిసెంబరులో, అందరును ఎగబడినప్పుడు, చెప్పిన వెలకు కొనుచున్నాము. ఆషాఢమున కొనుటకు మనకు ఆక్షేపణ యేమియు లేదు. జూలైలో కొని పెట్టెలో దాచినచో గుడ్డ చెడదు. ఎదుగు పిల్లల బట్టలు మాత్రము ఆ పని చేయరాదు. ఆ తప్పుకూడ మేము చేసియే నేర్చుకొంటిమి.

వెల పోల్చుటకు ముందు వస్తువు ఒకటేనా యని చూడవలెను. ఇకత్‌చీర నుదాహరణముగా గైకొందము. పోచంపల్లిలో నూలును నేయకముందే ముడులు కట్టి రంగులలో ముంచుదురు. ఆ నూలుతోనే బొమ్మ నేతలో తేలును. అందుచేత రంగు నూలులోనికి దిగి చీర రెండుప్రక్కలను ఇంచుమించు సమానముగా నుండును; బొమ్మ అంచులు కొంచెము చెదరినట్లు కనబడును. బట్టమీద అచ్చువేసిన నకలుకు తిరుగవేసినచో వెనుకప్రక్క వెలవెలబోవును. అచ్చుచీరను అచ్చుచీర యని చెప్పి అమ్మినచో తప్పులేదు, కట్టుకొనవచ్చును. అయితే నిజమైన యిక్కత్‌లో సగము వెలకు వచ్చినదని సంతోషించుట వట్టిది. పట్టు అని చెప్పినప్పుడు కొంగుచివరి పోగు నొకదానిని అడిగి తీసికొని కాల్చి చూచినచో, పట్టు వెండ్రుక కాలిన వాసనవేసి నలిపిన పొడియగును; కృత్రిమనూలు కరగి గట్టిపూసవలె నగును. చేనేతకు 2006లోను, పట్టుకు అంతకు ముందు 2004లోను కేంద్రప్రభుత్వపు సంస్థలు ముద్రలు ఏర్పరచినవి. చేనేతముద్ర, సిల్కుముద్ర గల చీటీ యున్నదా యని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. మేము సిగ్గుపడియే 1,300 పోగొట్టుకొంటిమి.

బంగారమునుగూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఏలయన ఇందు పోవు సొమ్ము పెద్దది. బంగారపు వెల ఊరంతటికి ఇంచుమించు ఒకటే. దానిని ఏ యంగడివాడును తగ్గింపజాలడు. తగ్గింతునని చెప్పునది తరుగును, మజూరీని. లెక్కకు సులభముగా గ్రాము 10,000 అనుకొందము. 20 గ్రాముల గొలుసుకు బంగారపు వెల 2,00,000. ఒక యంగడిలో తరుగు 18 శాతము, దానిమీద "25 శాతము తగ్గింపు" అని బల్ల కట్టిరి. 18లో నాలుగవవంతు పోగా 13½ శాతము; అనగా 27,000. ప్రక్కవీథిలో బల్లయు లేదు, తగ్గింపును లేదు. తరుగు 11 శాతము. అనగా 22,000. బల్ల లేనిచోట అయిదువేలు తక్కువ! కావున తగ్గింపు ఎంతయని గాక, అంతయు పోగా మిగిలిన తరుగు ఎంతయని అడుగవలెను. రాళ్లు పొదిగిన నగలో రాళ్ల బరువును తీసివేసి బంగారపు బరువును వేఱుగా బిల్లులో వ్రాయించుకొనవలెను. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి ఆరు అక్షరాంకముల గుర్తింపు సంఖ్య గల హాల్‌మార్కు నగలనే అమ్మవలెనని నియమము. ఆ సంఖ్యను ఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ అను సాధనమున వేసి సరిచూచుకొనవచ్చును.

వాయిదాల మాట. ఆన్‌లైను అంగళ్లలోను, ఫోనుల దుకాణములలోను "సున్న వడ్డీ వాయిదాలు" అందురు. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు సున్నశాతపు వడ్డీ యనునదే లేదని బ్యాంకులకు స్పష్టముగా తెలియజేసినది. ఆ వడ్డీ మనకు రావలసిన తగ్గింపులోనో, ప్రాసెసింగు రుసుములోనో దాగియుండును. రొక్కమిచ్చినచో ఎంతకిత్తురని అడిగి, వాయిదాల మొత్తముతో పోల్చిచూచినచో దాగినది బయటపడును. ఆన్‌లైను అంగడిలో గడియారమొకటి వెనుకకు పరుగెత్తుచుండును, ఇంకను పది నిమిషములే యని. ఆ వస్తువును బుట్టలో వేసి రాత్రి నిద్రపోయి ప్రొద్దున లేచి చూడుడు. చాలమారులు మనకే అది అక్కరలేదని తోచును.

శీతలపెట్టెలు, పంకాలు మొదలగువానికి నక్షత్రముల పట్టీ యుండును. ఆ నక్షత్రముల కొలత కాలక్రమమున కఠినమగుచుండును గనుక పట్టీమీద ఏ సంవత్సరపుదో చూడవలెను. తగ్గింపులో వచ్చు పాతపట్టీ వస్తువు విద్యుత్తు ఎక్కువ త్రాగునేమో పట్టీమీదనే యూనిట్ల లెక్క వ్రాసియుండును; ఏడాదికి నూరు యూనిట్లు హెచ్చైనచో పది సంవత్సరములకు వేయి యూనిట్లు.

చట్టము మనవైపున కొంత నిలిచియున్నది. గరిష్ఠ చిల్లరధరలో పన్నులన్నియు చేరియుండును. ఆ ధరమీద తగ్గింపని ప్రకటించి, బిల్లువద్ద మరల పన్ను కలుపుట అనుచితమని 2017లో జాతీయ వినియోగదారుల కమిషను తీర్పు చెప్పినది. సరుకు లేకయే తక్కువ వెల ప్రకటించి జనమును రప్పించు ఎర ప్రకటనలను 2022 జూనులో వచ్చిన మార్గదర్శకములు అరికట్టినవి. "అమ్మిన సరుకు తిరిగి తీసికొనబడదు" అని గోడమీద వ్రాసినంతమాత్రమున లోపమున్న సరుకును కాదనుటకు వీలులేదు. బిల్లులో గడువు వ్రాయనిచోట ముప్పది దినములలోపల లోపమున్న వస్తువును తిరిగి తీసికొనకుండుట 2019 చట్టమునుబట్టి అనుచిత వ్యాపారము. బిల్లు ఇయ్యకుండుటయు నట్టిదే. తగ్గింపు సరుకుకు బిల్లు లేదన్నవానియొద్ద కొనకుడు. అంతటితో తెగనిచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. మా చీర విషయమున మాకు కలిగిన నష్టమునకు ఆ దారి యుండెను గాని, ఉతికి ఆరవేసిన చీరను పట్టుకొని పోవుటకు మాకే మొగమాట మయ్యెను. బిల్లు సైతము కనబడలేదు.

ఇప్పుడు మా యింట ఆషాఢమునకు ముందే ఒక కాగితము వ్రాయబడును. కావలసిన వస్తువులు ఒకప్రక్క, ఇదివఱకటి వెలలు ఒకప్రక్క, ఎంతకు మించి ఇయ్యరాదో ఆ సంఖ్య మూడవప్రక్క. సొమ్ము లెక్కపెట్టి అంతమాత్రమే తీసికొని పోవుదుము. కళాశాల సొమ్ము ముందే కట్టివేయుదుము. నిరుడు ఆ కాగితముమీద నాలుగు వస్తువులుండెను. రెండు తగిన వెలకు దొరకినవి, రెండు దొరకలేదు. తల్లిగారి చీరను మాత్రము అంగడిలో వెదకలేదు. మా విద్యార్థి తండ్రియొద్దకే మంగళగిరికి పోయి, ఆయన చెప్పిన వెలకు బేరమాడక తెచ్చితిమి. ఆమె ఆదివారము దానినే కట్టుకొని గుడికి వచ్చుచున్నది.

ఈ యేడు తొమ్మిదవ తరగతివారి వెలల పుస్తకములను ఆషాఢము చివరి శనివారము లెక్కల గదిలో బల్లమీద పెట్టుదుము. తల్లిదండ్రులు వచ్చి చూచుకొనవచ్చును. చీరల వరుస వ్రాయు భారమును నేతవారి పిల్లలకే అప్పగించితిమి.